ఒకే కొండ, నాలుగు రకాల మంచు, ఒక్క జత స్కీలు

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని క్యాస్కేడ్ పర్వతాల్లో క్రిస్టల్ మౌంటెన్ అనే స్కీ కేంద్రం ఉంది. కొండ పాదం సముద్రమట్టానికి సుమారు 1,340 మీటర్ల ఎత్తున, శిఖరం 2,137 మీటర్ల ఎత్తున ఉంటాయి. నడుమ తేడా దాదాపు 800 మీటర్లు. కిలోమీటరు పైకి వెళ్లేకొద్దీ గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన పాదం దగ్గర 1 డిగ్రీ ఉంటే శిఖరం మీద మైనస్ 4 ఉంటుంది. అంటే ఒకే మేఘం ఒకే గంటలో కింద తడి మంచు, పైన పొడి మంచు కురిపిస్తుంది.

తేడాలు అక్కడితో ఆగవు. రాత్రంతా యంత్రాలు తిరిగి చదును చేసిన బాటలు తెల్లవారేసరికి గట్టిపడి ఉంటాయి. ఈదురుగాలి తగిలే గట్ల మీద మంచు పెంకు కట్టి ఉంటుంది. చెట్ల నీడన నిన్న రాత్రి పడిన మంచు ఇంకా దూదిలా మెత్తగానే ఉంటుంది. మధ్యాహ్నానికి వేలమంది తొక్కిన చోట్ల అది ముద్దలు ముద్దలుగా చెదిరిపోతుంది. ఉదయం లిఫ్ట్ ఎక్కిన మనిషి సాయంత్రంలోపు వీటన్నిటి మీదా జారక తప్పదు. కాళ్లకున్నది మాత్రం ఒక్క జత స్కీలు.

దుకాణాల్లో 'ఆల్ మౌంటెన్' పేరుతో అమ్మేది ఈ పరిస్థితి కోసం తయారుచేసిన రకాన్నే. కొండ అంతటికీ ఒకటే స్కీ సరిపోతుందా? సరిపోతుంది, కానీ ఉచితంగా కాదు. స్కీలో ప్రతి కొలతా ఒక రకం మంచులో లాభం తెచ్చి, మరో రకం మంచులో ఆ ఖర్చు వసూలు చేస్తుంది. ఆ లాభనష్టాల లెక్క తెలిస్తే దుకాణం గోడకు వరసగా నిలబెట్టిన వంద జతల్లోంచి మనకు పనికొచ్చే నాలుగైదింటిని మనమే ఏరుకోవచ్చు. ఆ లెక్క మంచుతో మొదలవుతుంది.

కరిగే గడప మీద నిలబడిన పదార్థం

మనం రోజూ ముట్టుకునే ఘనపదార్థాల్లో చాలావాటికి కరిగే ఉష్ణోగ్రత చాలా దూరాన ఉంటుంది. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మంచు అలా కాదు. మైనస్ 5 డిగ్రీల దగ్గరున్న మంచు ఉష్ణోగ్రతను పరమశూన్యం నుంచి కొలిస్తే 268 కెల్విన్లు. అది కరిగేది 273 కెల్విన్ల దగ్గర. గడ్డకట్టే చలి అని మనం అనుకునే స్థితిలో కూడా మంచు కరిగే దారిలో 98 శాతం నడిచేసి ఉంటుంది. ఇనుము ఆ స్థితికి రావాలంటే దాన్ని దాదాపు 1,500 డిగ్రీల దాకా కాల్చాలి. కరగడానికి ఇంత దగ్గరగా ఉన్న పదార్థం స్థిమితంగా ఉండదు. నేల మీద పడిన క్షణం నుంచి మంచు రూపం మారుతూనే ఉంటుంది.

ఆ రూపానికి పునాది ఆకాశంలోనే పడుతుంది. జపాన్‌లోని హొక్కైడోలో నకయా ఉకిచిరో అనే భౌతిక శాస్త్రవేత్త 1936లో ప్రయోగశాలలో, కుందేలు వెంట్రుక కొనమీద, తొలి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచాడు. ఉష్ణోగ్రతనూ తేమనూ మార్చి చూస్తూ ఏ పరిస్థితిలో ఏ ఆకారం పుడుతుందో పటం గీశాడు. మైనస్ 2 దగ్గర పలకలు, మైనస్ 5 దగ్గర సూదులు, స్తంభాలు, మైనస్ 15 చుట్టుపక్కల ఆరు కొమ్మల నక్షత్రాలు. కొమ్మలున్న నక్షత్రాలు ఒకదానిమీద ఒకటి పడితే నడుమ గాలి ఎక్కువగా చిక్కుకుంటుంది. స్కీయర్లు కలలుగనే పౌడర్ మంచు అదే. అందులో ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోల మంచు మాత్రమే ఉంటుంది, మిగిలిందంతా గాలి. యంత్రాలు తొక్కి చదును చేసిన బాటలో అది 400 నుంచి 500 కిలోలకు చేరుతుంది. గాలి బుడగలు లేని గడ్డ మంచు 917 కిలోలు. ఒకే పదార్థం సాంద్రతలో పది రెట్లకు మించి మారుతోందన్నమాట.

పడిన తర్వాత మూడు శక్తులు దాన్ని మారుస్తాయి. మొదటిది కాలం. స్ఫటికాల మొనల దగ్గర నీటి అణువులు ఆవిరై, రెండు రేణువులు తాకే మెడ దగ్గర మళ్లీ గడ్డకడతాయి. మొనలు మొద్దుబారతాయి, మెడలు లావెక్కుతాయి, వదులుగా ఉన్న రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దీన్ని సింటరింగ్ అంటారు. రాత్రి బాటను చదును చేసే గ్రూమర్ యంత్రం స్ఫటికాలను నలిపి, అదిమి, వదిలేసి వెళ్తుంది. తెల్లవారేలోపు ఆ బాటను గట్టిపరిచేది ఈ అతుకులే. రెండోది గాలి. అది స్ఫటికాలను విరిచి, ముక్కలను దగ్గరగా కూరి పెంకు కడుతుంది. మూడోది ఎండ. వసంతంలో పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగే మంచు గుండ్రటి గింజలుగా మారుతుంది. ఉదయం అది రాయిలా ఉంటుంది. పది, పదకొండు గంటలకు పైపొర సడలి జారడానికి హాయిగా మారుతుంది. మధ్యాహ్నానికి బురదవుతుంది.

ప్రాంతాన్ని బట్టి ఈ మూడింటి పాళ్లు మారతాయి. పసిఫిక్ సముద్రపు తేమగాలి నేరుగా ఢీకొనే క్యాస్కేడ్లలో మంచు విస్తారంగా, బరువుగా పడుతుంది. అక్కడి మౌంట్ బేకర్ స్కీ కేంద్రంలో 1998-99 శీతాకాలంలో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్ల మంచు కురిసింది. ఒక శీతాకాలపు హిమపాతంలో అది ప్రపంచ రికార్డు. సముద్రానికి దూరంగా, యూటా రాష్ట్రంలో ఉన్న ఆల్టాలో కొత్త మంచు సగటున ఎనిమిది, తొమ్మిది శాతమే నీరు. క్యాస్కేడ్లలో 12 శాతం, ఆపైన ఉండటం మామూలు. అమెరికా ఈశాన్యంలోని వెర్మాంట్ కొండల్లో శీతాకాలం మధ్యలో కూడా వాన పడి గడ్డకడుతుంది కనుక బాటలు తరచూ మంచుగడ్డలా మెరుస్తుంటాయి. ఈ మూడు చోట్లా 'కొండ అంతటికీ' అన్న మాటకు అర్థం ఒకటి కాదు.

స్కీ ఎందుకు జారుతుంది

మనిషి బరువు ఒత్తిడికి కింద మంచు కరిగి, ఆ నీటి మీద స్కీ జారుతుందన్న వివరణ పాత పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అది నిలవదు. బట్టలు, సామానుతో కలిపి 80 కిలోల మనిషి రెండు స్కీల మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు పడే బరువు సుమారు 20 గ్రాములు. ఆ ఒత్తిడి మంచు కరిగే ఉష్ణోగ్రతను తగ్గించేది డిగ్రీలో పదివేల వంతుల లెక్కలోనే. నిజంగా ఆనే చోట్లు కొద్దిపాటి గరుకు మొనలే అనుకుని, ఒత్తిడిని వందల రెట్లు పెంచినా మైనస్ 10 దగ్గర జారడాన్ని అది వివరించలేదు.

ఫిలిప్ బౌడెన్, టి. పి. హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ పరిశోధన కేంద్రంలో ప్రయోగాలు చేసి, 1939లో అసలు కారణాన్ని ముందుకు తెచ్చారు. స్కీ కదిలేటప్పుడు పుట్టే రాపిడి వేడే మంచు గరుకు మొనలను పలచగా కరిగిస్తుంది. దీనికి తోడు, మంచు ఉపరితలంలోని పై పొరల అణువులు లోపలివాటంత బిగువుగా ఉండవని మైకేల్ ఫారడే 19వ శతాబ్దంలోనే ఊహించాడు. తర్వాతి పరిశోధన దాన్ని బలపరిచింది.

కొనేవాడికి ఇందులో ఉపయోగపడే సంగతి ఒకటుంది. నీటి పొర మరీ తక్కువైతే స్కీ గీసుకుంటూ పోతుంది. మరీ ఎక్కువైతే అడుగుభాగాన్ని నీరు పీల్చి పట్టేస్తుంది. మిక్కిలి చలి రోజునా, వసంతపు బురద మంచులోనా స్కీ మొండికేయడానికి కారణాలు ఇవి. అందుకే మంచి స్కీ అడుగున దట్టమైన పాలిథిలీన్ పలక ఉంటుంది. నీరు పక్కకు తప్పుకునేలా దానిమీద సన్నటి గాడులు గీస్తారు, ఉష్ణోగ్రతకు తగిన మైనం పూస్తారు. ఏ స్కీ కొన్నా ఈ సంరక్షణ తప్పదు. పొడిబారిన అడుగుతో ఖరీదైన స్కీ కన్నా, శ్రద్ధగా మైనం పట్టించిన మామూలు స్కీ బాగా జారుతుంది.

వెడల్పు: తేలడానికా, కొరకడానికా

స్కీ వెడల్పును మూడు చోట్ల కొలుస్తారు: ముక్కు, నడుము, తోక. 130-95-115 అని రాసి ఉంటే అవి వరసగా ఈ మూడింటి మిల్లీమీటర్లు. స్కీ స్వభావాన్ని అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది నడుము.

వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు. అవి బరువును వెడల్పుగా పరచి, చక్రాన్ని బురదలో దిగబడనివ్వవు. అదే ట్రాక్టరు తారురోడ్డు ఎక్కితే ఆ చక్రాలతో నడపడం కష్టం. నడుము వెడల్పు విషయంలోనూ ఈ చిక్కే ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. ఉత్త బూట్లతో నిలబడ్డ 80 కిలోల మనిషి చదరపు సెంటీమీటరుకు దాదాపు 165 గ్రాముల బరువు మోపుతాడు. కొత్త పౌడర్‌లో మోకాలి దాకా, ఒక్కోసారి తొడదాకా దిగిపోతాడు. 175 సెంటీమీటర్ల పొడవు, 70 మిల్లీమీటర్ల నడుము ఉన్న సన్నటి స్కీల మీద అది సుమారు 25 గ్రాములకు తగ్గుతుంది. 98 నడుముతో 21, 115 నడుముతో 18 గ్రాములు. మెత్తటి మంచు తనను నొక్కే ఒత్తిడికి సమానమైన గట్టిదనం వచ్చేవరకు అణుగుతుంది. ఒత్తిడి తగ్గితే దిగబడే లోతూ తగ్గుతుంది. దానికి వేగం కూడా తోడైతే ముక్కు పైకి లేచి స్కీ తేలుతుంది.

ఇక గట్టి బాట సంగతి. అక్కడ స్కీ తేలడం లేదు, పక్కకు ఒరిగి ఒక్క ఉక్కు అంచు మీద నిలబడుతోంది. ఆ అంచును 1926లో పేటెంట్ చేసినవాడు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు చెందిన రుడాల్ఫ్ లెట్నర్. మంచు నుంచి వచ్చే ప్రతిబలమంతా ఆ అంచు దగ్గరే పనిచేస్తుంది. అంచుకూ బూటు మధ్యరేఖకూ ఉన్న దూరం నడుములో సగం. మలుపులో 1,000 న్యూటన్ల బలం పడిందనుకుంటే, 70 నడుము స్కీ చీలమండ కీలును 35 న్యూటన్-మీటర్ల తిప్పుబలంతో వెనక్కు చదును చేయజూస్తుంది. 98 నడుముతో అది 49, 115తో దాదాపు 57. కాలి కండరాలూ మోకాలూ దాన్ని ఆపుతూ ఉండాలి. ఒక అంచు నుంచి మరో అంచుకు మారడానికీ వెడల్పు స్కీ ఎక్కువ సమయం తీసుకుంటుంది.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. 70 నుంచి 115కు వెళితే పౌడర్‌లో ఒత్తిడి దాదాపు 28 శాతం తగ్గింది. గట్టి బాట మీద మోకాలు ఆపాల్సిన తిప్పుబలం 60 శాతానికి పైగా పెరిగింది. నెలకోసారి వచ్చే పౌడర్ రోజు కోసం మిగిలిన రోజులన్నీ ఆ బరువు మోయడం చాలామందికి దండగ. ఆల్ మౌంటెన్ స్కీలు 85కూ 100కూ నడుమ స్థిరపడటానికి ముఖ్య కారణం ఇదే.

పక్క వంపులోని గణితం

స్కీని చదునుగా పరచి పైనుంచి చూస్తే రెండు పక్కలూ లోపలికి వంగి ఉంటాయి. ఈ వంపును సైడ్‌కట్ అంటారు. నార్వేలోని టెలెమార్క్ ప్రాంతంలో 1825లో పుట్టిన సోండ్రె నోర్‌హైమ్ నడుము సన్నం చేసిన స్కీలను వాడి మలుపులకు కొత్త దారి చూపాడు. 1868లో అప్పటి క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలో, జనం దాన్ని చూసి ఆశ్చర్యపోయారు.

ఆ వంపును ఒక వృత్తఖండం అనుకుంటే దాని వ్యాసార్థం సులువుగా లెక్కకట్టవచ్చు. ముక్కు దగ్గరి వెడల్పైన చోటు నుంచి తోక దగ్గరి వెడల్పైన చోటుకు ఉన్న దూరాన్ని వర్గం చేసి, నడుము దగ్గరి వంపు లోతుకు ఎనిమిది రెట్లతో భాగించాలి. 130-95-115 స్కీలో వంపు లోతు దాదాపు 13.75 మిల్లీమీటర్లు. దూరం 1.45 మీటర్లైతే వ్యాసార్థం సుమారు 19 మీటర్లు. ఇది గట్టి మంచు మీద స్కీ తనంతట తాను గీయగల మలుపుకు మొదటి అంచనా. స్కీని పక్కకు ఒరిగించేకొద్దీ అది ఇంకా వంగి మలుపు బిగుస్తుంది. అరవై డిగ్రీలు ఒరిగిస్తే వ్యాసార్థం ఇంచుమించు సగానికి తగ్గుతుంది.

1990ల ముందు వాడిన స్కీలు రెండు మీటర్లు దాటిన పొడవుతో, ఏడెనిమిది మిల్లీమీటర్ల వంపుతో ఉండేవి. ఇదే సూత్రంలో పెడితే వాటి వ్యాసార్థం 50 మీటర్లు దాటుతుంది. అందుకే మామూలు స్కీయర్ వాటిని మలుపులో పక్కకు ఈడ్చి జార్చాల్సి వచ్చేది. స్లొవేనియాలోని ఎలాన్ కంపెనీలో యూరీ ఫ్రాంకో, పావెల్ ష్కోఫిచ్ అనే ఇంజనీర్లు లోతైన వంపుతో రూపొందించిన ఎస్‌సీఎక్స్ స్కీ 1993లో మార్కెట్లోకి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే పరిశ్రమ మొత్తం ఆ దారి పట్టింది.

కొనేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఇంతే. 12 నుంచి 15 మీటర్ల వ్యాసార్థం చదును బాటల మీద చిన్న, వడి మలుపులకు బాగుంటుంది. చెదిరిన మంచులో అదే స్కీ ముక్కు అనుకోకుండా కొరికి, తనకు తోచిన వైపు లాగుతుంది. 22 దాటితే నిటారు వాలుల్లో వేగంగా, నిలకడగా పోతుంది. కానీ తక్కువ వేగంలో మలుపు తిరగడానికి ఒప్పుకోదు. అన్ని రకాల మంచుకూ 16 నుంచి 20 మీటర్లు నమ్మదగిన నడుమ దారి.

క్యాంబర్, రాకర్

స్కీని గట్టి నేలమీద పెట్టి పక్కనుంచి చూడండి. నడుమ భాగం విల్లులా పైకి లేచి, ముందు వెనకల మాత్రమే నేలను తాకితే అది క్యాంబర్. మనిషి ఎక్కినప్పుడు ఆ విల్లు అణిగి, బరువును స్కీ పొడవునా, ముఖ్యంగా కొనల దాకా పంచుతుంది. గట్టి మంచు మీద అంచు పట్టు దీనివల్లే వస్తుంది.

ముక్కు, తోకలు ముందుగానే పైకి వంగి ఉంటే అది రాకర్. మెత్తటి మంచులో రాకర్ ముక్కు కిందికి గుచ్చుకోకుండా మంచు మీదికి ఎక్కుతుంది. ఈ ఆలోచనను చివరిదాకా లాగి చూపినవాడు షేన్ మెకాంకీ అనే స్కీయర్. పౌడర్ మంచు గట్టి నేలలా కాక నీటిలా ప్రవర్తిస్తుందన్నది అతని వాదన. అలాస్కా పర్వతాల మీద నీటి స్కీలు కట్టుకుని దిగి దాన్ని చూపించాడు. ఆ తర్వాత వోలాంట్ కంపెనీ 2000 దశకం మొదట్లో తెచ్చిన 'స్పాటులా' స్కీ పూర్తిగా తిరగేసిన ఆకారం: నడుమ కిందికి దిగి, కొనలు పైకి లేచి, పక్క వంపు కూడా బయటికి. లోతైన పౌడర్‌లో అది అద్భుతం. గట్టి బాట మీద దానికి పట్టే దొరకదు.

నేటి ఆల్ మౌంటెన్ స్కీలలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలుపుతాయి. బూటు కింద కొద్దిపాటి క్యాంబర్, ముక్కు దగ్గర స్పష్టమైన రాకర్, తోక దగ్గర కాస్త రాకర్. ఇక్కడా ఖర్చు ఉంది. రాకర్ ఉన్నంత మేర అంచు గట్టి మంచును తాకదు. 178 సెంటీమీటర్ల స్కీలో నిజంగా పట్టు ఇచ్చే పొడవు 130 చుట్టుపక్కలే ఉండవచ్చు. అందుకే రాకర్ ఎక్కువున్న స్కీని నాలుగైదు సెంటీమీటర్లు పొడవు తీసుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. మామూలుగా గడ్డం నుంచి నుదురు వరకు వచ్చే పొడవు సరిపోతుంది. కొత్తవాళ్లు గడ్డం వైపు, వేగం ఇష్టపడేవాళ్లు నుదురు వైపు మొగ్గాలి.

పైకి కనిపించని భాగం

స్కీ గుండె చెక్క. పాప్లర్, యాష్, బీచ్, మేపుల్ వంటి కలపను పట్టీలుగా అతికించి, పైనా కిందా గాజునార, కొన్నింటిలో కార్బన్ నార, మరికొన్నింటిలో లోహపు రేకు పరుస్తారు. ప్రచారాల్లో తరచూ కనిపించే టైటనల్ టైటానియం కాదు, అల్యూమినియం మిశ్రమలోహం. 1950లో హోవర్డ్ హెడ్ అనే అమెరికన్ విమాన ఇంజనీరు అల్యూమినియం రేకుల నడుమ చెక్క పెట్టి చేసిన స్కీని అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి లోహం స్కీలో కుదురుకుంది.

లోహం రెండు పనులు చేస్తుంది. బరువు పెంచుతుంది, కంపనాన్ని మింగుతుంది. మధ్యాహ్నం చెదిరిన ముద్దల మీద తేలికపాటి స్కీ ప్రతి ముద్దకూ ఎగిరిపడుతుంది. బరువైనది వాటిని చీల్చుకుంటూ పోతుంది. అయితే అలాంటి స్కీని వంచడానికి బలం కావాలి, వేగం కావాలి. 55 కిలోల మనిషి, ఇంకా నేర్చుకుంటున్న మనిషి రెండు రేకుల స్కీని ఎక్కితే అది వంగదు. వంగని స్కీ తిరగదు. వాళ్లకు లోహం లేనిది, లేదా బూటు కింద మాత్రమే రేకు ఉన్నది సరైనది.

మెలికకు లొంగని గట్టిదనం ఇంకో విషయం. స్కీని తువ్వాలు పిండినట్టు తిప్పి చూస్తే తెలుస్తుంది. మెలికకు గట్టిగా నిలబడేది మంచుగడ్డ మీద అంచు వదలదు. మెలికకు కాస్త లొంగేది పెంకు మంచులో, గతుకుల్లో తప్పులను మన్నిస్తుంది. మంచు గట్టిగా ఉండే ప్రాంతంలో మొదటిదాన్ని, రకరకాలుగా మారే ప్రాంతంలో రెండోదాన్ని చూడండి.

మీ కొండ ఏది?

ఇప్పుడు ఈ కొలతలను ఊళ్లకు అన్వయిద్దాం. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ వైపు ఉండేవాళ్లకు 80 నుంచి 90 నడుము, ఎక్కువ క్యాంబర్, మెలికకు గట్టిదనం. కొలరాడోలో, యూటాలో వారాంతాల్లో తిరిగేవాళ్లకు 90 నుంచి 100. అక్కడి పొడి మంచు తేలిక కనుక కాస్త వెడల్పు ఉపయోగపడుతుంది. క్యాస్కేడ్లలో చిత్రం భిన్నం. బరువైన మంచు కొంత తానే మోస్తుంది, కనుక వెడల్పు కన్నా చీల్చుకుపోయే బరువూ గట్టిదనమూ ముఖ్యం. 95 చుట్టుపక్కల నడుము, బలమున్నవారికి ఒక లోహపు రేకు సరిపోతాయి.

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దగ్గరి కొండ స్నోక్వాల్మీ కనుమ. కారులో గంట ప్రయాణం. కనుమ ఎత్తు 920 మీటర్లే కావడంతో ఒకే రోజులో మంచు, వాన, గడ్డకట్టే వాన మూడూ పడవచ్చు. పిల్లలతో కలిసి అక్కడ నేర్చుకునేవారు ఎక్కువగా చదును బాటల మీదే ఉంటారు. వాళ్లకు 80 నుంచి 88 నడుము, తేలిగ్గా వంగే స్కీ చాలు. స్నేహితుడు కొన్నాడని 105 నడుము స్కీ కొంటే మోకాళ్లు నొప్పెట్టడమే కాదు, నేర్చుకోవడం కూడా ఆలస్యమవుతుంది.

మన దేశంలో చూస్తే కశ్మీరులోని గుల్‌మర్గ్‌లో ఈ పాఠమంతా ఒకే కొండ మీద కనిపిస్తుంది. మైదానం దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అఫర్‌వత్ కొండ మీదికి వెళ్లే గొండోలా రెండో దశ దాదాపు 4,000 మీటర్ల వరకు చేరుస్తుంది. కింది వాలులు నేర్చుకునేవారివి. అక్కడ సన్నటి, పొట్టి స్కీ మేలు. పైన యంత్రం తాకని పొడి మంచు, గాలి కట్టిన పెంకు. అనుభవమున్నవారికి అక్కడ 100, ఆపైన నడుము అర్థవంతం. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో వారం రోజులకు వెళ్లేవారు స్కీ కొనక్కర్లేదు. అద్దెకు తీసుకున్నా ఈ కొలతలు అడిగి తీసుకోండి.

ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. వెడల్పు స్కీ తేలుతుంది, విరిగిపడే మంచు చరియలను ఆపదు. స్కీ కేంద్రం గీత దాటి, కాపలా లేని వాలుల్లోకి వెళ్లేవారికి మంచులో కూరుకున్నవారిని వెతికే ట్రాన్సీవర్, ప్రోబ్, తవ్వే పార, వాటిని వాడే శిక్షణ, ఆ రోజు హెచ్చరిక చదివే అలవాటు, తోడుగా మరో మనిషి ఉండాలి. క్యాస్కేడ్లలో చెట్ల మొదళ్ల చుట్టూ వదులు మంచు గోతులు ఉంటాయి. తలకిందులుగా అందులో పడితే ఒంటరిగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. ఇవేవీ లేనివారికి గుర్తు పెట్టిన బాటే సరైన చోటు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మొదటి డబ్బు బూటు మీద పెట్టండి. మీ కాలి ఆలోచనను స్కీ దాకా మోసేది బూటే. వదులు బూటులో పాదం కదిలితే ఎంత మంచి అంచైనా ఆలస్యంగా స్పందిస్తుంది. పాదం కొలిచి, నొప్పి పెట్టే చోట సరిచేసి ఇచ్చే దుకాణంలో కొనండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ విడుదల విలువను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యాలను బట్టి శిక్షణ పొందిన టెక్నీషియన్ చేత పెట్టించండి. పడినప్పుడు కాలి ఎముకనూ మోకాలినీ కాపాడేది ఆ అంకె. స్కీ బ్రేకు నడుము కన్నా కొద్దిగా వెడల్పుగా ఉండాలి.

స్కీని కొనేముందు అద్దెకు తీసుకుని ఉదయపు గట్టి బాట మీదా, మధ్యాహ్నపు చెదిరిన మంచులోనూ రెండు చోట్లా నడిపి చూడండి. ఒక్క పౌడర్ రోజు అనుభవంతో తీర్పు ఇవ్వకండి. మెత్తటి మంచులో దాదాపు ప్రతి స్కీ బాగానే ఉంటుంది.

కొనే ముందు ఒక కాగితం మీద గత శీతాకాలంలో మీరు నిజంగా జారిన రోజులు రాసుకోండి. ఏ రోజు ఏ మంచు దొరికిందో పక్కన వేయండి. ఎక్కువసార్లు వచ్చిన మంచు ఏదో దానికి తగిన స్కీని కొనండి, కలలోని మంచుకు కాదు. ఎటూ తేలకపోతే 88 నుంచి 96 నడుము, 17 లేదా 18 మీటర్ల వ్యాసార్థం, బూటు కింద క్యాంబర్, ముక్కు దగ్గర రాకర్, మీ బరువుకు వంగే గట్టిదనం ఉన్నది తీసుకోండి. అసాధారణంగా పౌడర్ పడిన రోజున వెడల్పు స్కీని అద్దెకు తెచ్చుకోవచ్చు.